‘తప్ప’ అనే మాట చాటున నల్లమందు దుకాణం

గత నెలలో మా పిన్ని కొడుకు ఉద్యోగానికి దుబాయి వెళ్తుంటే సామాను సర్దడంలో సాయానికి నేనూ వెళ్లాను. ఆవకాయ సీసాకు రెండు కవర్లు చుట్టి, కందిపొడి, కరివేపాకు పొడి పొట్లాలు సందుల్లో ఇరికించి, చివరగా పిన్ని ఒక చిన్న స్టీలు డబ్బాలో గసగసాలు పోసి మూతకు టేపు అంటించింది. అది చూసి వాడు కంగారుపడ్డాడు. “అమ్మా, అది తీసెయ్యి, అక్కడ పట్టుకుంటే జైల్లో వేస్తారు” అన్నాడు. “గసాలకు జైలేమిట్రా, నేనేమైనా గంజాయి పెట్టానా?” అంటూ పిన్ని న్యాయం చెప్పమన్నట్టు నా వైపు చూసింది. గసగసాలు, నల్లమందు ఒకే మొక్కవని, కాయకు గాటు పెడితే కారే పాలు నల్లమందని, అదే కాయ ఎండాక రాలే గింజలు గసగసాలని, మన చట్టం గింజను విడదీసి వదిలేసిందని, అక్కడి చట్టం వదల్లేదని చెప్పాను. “మన ఊళ్లో కిరాణా కొట్టువాడు తూకం వేసి అమ్మేది అక్కడ నేరమా? అయితే ఈ నేరం మొక్కలో ఉందా, కాగితంలో ఉందా?” అని అడిగి, డబ్బా తీసి మళ్లీ అలమారలో పెట్టేసింది.

పిన్ని యథాలాపంగా అడిగిన ఆ ప్రశ్న నాలుగు రోజులు నన్ను వదల్లేదు. చట్టాల పాత ప్రతులు చదవడం నాకున్న పనికిమాలిన అలవాట్లలో ఒకటి. 1857 నాటి 13వ చట్టాన్ని, 1878 నాటి 1వ చట్టాన్ని పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చదివాను. మొదటిది బెంగాల్ ప్రెసిడెన్సీలో సాగునూ తయారీనీ నియంత్రించింది. రెండోది బ్రిటిష్ ఇండియా అంతటా నల్లమందు కలిగి ఉండటం, రవాణా, అమ్మకం వంటి వాటిని ఒక అదుపులోకి తెచ్చింది. 1878 చట్టంలో నాలుగో సెక్షన్ చూడండి. ఎవరూ గసగసాల మొక్క సాగు చేయరాదు, నల్లమందు తయారు చేయరాదు, దగ్గర ఉంచుకోరాదు, రవాణా చేయరాదు, దిగుమతి ఎగుమతులు చేయరాదు, అమ్మరాదు. ఇంతవరకే చదివినవాడికి ఇంతకంటే గట్టి మద్యనిషేధ ప్రచారకుడు ఉండడనిపిస్తుంది. కానీ ఈ నిషేధాలన్నిటికీ ముందు ఒక షరతు ఉంది: ఈ చట్టమూ, దీని కింద చేసిన నియమాలూ అనుమతించిన మేరకు తప్ప. ఆ వెంటనే వచ్చే అయిదో సెక్షన్ అనుమతుల నియమాలు చేసుకునే అధికారాన్ని స్థానిక ప్రభుత్వాల చేతిలో పెడుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఈ ‘తప్ప’ గురించే. వలస ప్రభుత్వపు నల్లమందు చట్టాలను కొందరు నిషేధానికి తొలి అడుగులంటారు, కొందరు విచ్చలవిడి వ్యాపారానికి ఇచ్చిన పచ్చజెండా అంటారు. రెండూ కావని నా అభిప్రాయం. ఆ చట్టాలు నిషేధాన్నే సరుకుగా మార్చాయి. అందరికీ తప్పు అని ముందు ప్రకటిస్తే గానీ, ‘తప్ప’ అనే మినహాయింపుకు ధర పలకదు. నిషేధం ఎంత బిగుసుకుంటే లైసెన్సు అంత విలువైనదవుతుంది. ఆ లైసెన్సు ఇచ్చేవాడే సరుకు తయారుచేసి అమ్మేవాడు కూడా అయితే, ఇక చెప్పేదేముంది?

రైతు ఇష్టం

1773లో బెంగాల్ గవర్నరు వారన్ హేస్టింగ్స్ బెంగాల్, బీహార్ నల్లమందును ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం కిందికి తెచ్చాడు. మొదట కాంట్రాక్టర్లకు ఇచ్చి, 1797 నుంచి కంపెనీ తన ఏజెంట్ల ద్వారా నేరుగా నడిపించింది. పాట్నా ఒక కేంద్రం, గాజీపూర్ మరొకటి. ఈ చరిత్ర చాలామందికి తెలిసిందే కాబట్టి సాగదీయను. నాకు ఆసక్తి కలిగించేది 1857 చట్టంలో రైతు గురించి వాడిన భాష.

సర్కారు ఏటా ప్రకటించే ధరకు గసగసాల సాగుకు ఒప్పుకోవడమో, అసలు వద్దనడమో రైతు ఇష్టమని ఆ చట్టం స్పష్టంగా రాసుకుంది. బలవంతం లేదు, సంతకం ఉంది, బయానా ఉంది. ఆ బయానాకు వడ్డీ కూడా లేదు. కానీ ఒప్పుకున్న భూమి మొత్తంలో సాగు చేయకపోతే, చేయని భూమికి తీసుకున్న బయానాకు మూడు రెట్లు జరిమానా కట్టాలి. పండిన నల్లమందు మొత్తం సర్కారుకే అప్పగించాలి. ధర చెప్పేది సర్కారే. నాణ్యత తేల్చేదీ సర్కారే. పైగా మొదటి బయానా చేతికందేది భూమి శిస్తు వాయిదా నెత్తిన పడే రోజుల్లో. శిస్తు కట్టడానికి వడ్డీలేని డబ్బు కావాలంటే గసగసాలు వేయాలి. గసగసాలు వేస్తే పాలు గీకే రోజుల్లో ఇంటిల్లిపాదీ పొలంలోనే ఉండాలి. దీన్ని ఇష్టం అనాలా, అవసరం అనాలా అన్నది చట్టం పట్టించుకునే విషయం కాదు. మన పల్లెల్లో పొగాకు వేసినవాళ్లకూ, అప్పిచ్చిన కమిషన్ ఏజెంటుకే మిరప తోలినవాళ్లకూ ఈ ‘ఇష్టం’ కొత్తగా వివరించనక్కరలేదు.

ఆ పని ఎలాంటిదో ఒకసారి చూడండి. రేకులు రాలిన పచ్చి కాయ మీద, మూడు నాలుగు సన్నని మొనలు కట్టిన చిన్న గీతకత్తితో మధ్యాహ్నం దాటాక నిలువుగా గాటు పెడతారు. లోతు ఎక్కువైతే పాలు కాయ లోపలికే కారిపోతాయి, తక్కువైతే రావు. రాత్రంతా బొట్లుబొట్లుగా ఊరి, తెల్లవారేసరికి గోధుమరంగు జిగురుగా గట్టిపడ్డ పాలను ఎండ ఎక్కకముందే ఒక్కో కాయ నుంచి గీకి కుండలోకి తీస్తారు. రెండు మూడు రోజులు ఆగి అదే కాయకు మళ్లీ గాటు. ఒక వాన జల్లు పడితే రాత్రి ఊరినదంతా కొట్టుకుపోతుంది. రాలిన రేకులను కూడా వదలరు. వాటిని వేడి పెనం మీద ఒత్తి రొట్టెల్లా చేసి ఫ్యాక్టరీకి ఇస్తారు. నల్లమందు ఉండలకు పైపొర ఆ రేకుల రొట్టెలే. ఒక్కో పెట్టెలో 40 ఉండలు, దాదాపు 63 కిలోల సరుకు.

19వ శతాబ్దం ద్వితీయార్ధంలో చాలాకాలం రైతుకు సేరుకు 5 రూపాయలు ఇచ్చేవారు. పెట్టెకు 70 సేర్ల లోపే కాబట్టి రైతులందరికీ కలిపి ముట్టింది మూడు వందల యాభైకి మించదు. అదే పెట్టె కలకత్తా వేలంలో వెయ్యి రూపాయలకు పైగా పలికేది. మధ్యలో ఫ్యాక్టరీ ఖర్చులు తీసేసినా మిగిలినది లాభమే గాని పన్ను కాదు. లెక్కల్లో మాత్రం దాన్ని రాబడి అన్నారు. ఒక దశలో మొత్తం ప్రభుత్వ రాబడిలో సుమారు ఏడో వంతు ఇదే. పది లక్షలకు పైగా రైతులు లైసెన్సు మీద సాగు చేశారు. ఇంతమందికి అనుమతించిన దాన్ని నిషేధం అనడానికి ఎంత ధైర్యం కావాలో!

కలకత్తాలో వేలం వేసిన సరుకు ఎటు పోతుందో వేసినవారికి తెలుసు. చైనా చక్రవర్తులు 1729 నుంచే నల్లమందు మీద నిషేధాజ్ఞలు ఇస్తూ వచ్చారు. కాబట్టి కంపెనీ తన సొంత ఓడల్లో ఆ పెట్టెలను చైనా రేవు కాంటన్ చేర్చలేదు. వేలంలో కొన్న ప్రైవేటు వర్తకుల ఓడలు చేర్చాయి. టీ కొనే కంపెనీ చేతులు చైనాలో శుభ్రంగా ఉన్నాయి, కలకత్తాలో ఖజానా నిండింది. ‘తప్ప’ అనే మాట సముద్రం మీద కూడా పనిచేసిందన్నమాట.

అస్సాంలో జరిగింది

నా వాదనకు అన్నిటికంటే బలమైన సాక్ష్యం చైనాది కాదు, అస్సాందే. అక్కడి రైతులు 19వ శతాబ్దంలో తమ పెరట్లో తామే గసగసాలు వేసుకుని, నల్లమందు తీసి, బట్టపీలికలకు పట్టించి ఆరబెట్టుకునేవారు. దాన్ని ‘కానీ’ అనేవారు. వ్యసనం ఊళ్లను పట్టి పీడించిందన్నది అబద్ధం కాదు. ఆనందరామ్ ఢేకియాల్ ఫుకన్ వంటి అస్సామీ సంస్కర్త స్వయంగా 1853లో ఈ సాగును క్రమంగా అరికట్టమని ప్రభుత్వాన్ని కోరాడు. తేయాకు తోటల దొరలకూ ఆ సాగు నచ్చలేదు; పెరట్లో మత్తు దొరికే రైతు తోటలో కూలికి రాడన్నది వారి బాధ.

1860లో ప్రభుత్వం అస్సాంలో గసగసాల సాగును నిషేధించింది. సంస్కర్త కోరిందీ అదే కదా అనిపిస్తుంది. అయితే నల్లమందును మాత్రం నిషేధించలేదు. సర్కారు ఖజానాల నుంచి సేరు 14 రూపాయలకు అమ్మకం మొదలుపెట్టింది. రెండేళ్లలో అది 20 అయింది, 1890 నాటికి మొదటి ధరకు రెండున్నర రెట్లు దాటింది. నిన్నటిదాకా పెరటి మొక్కగా ఉన్నది ఇవాళ రొక్కం పెట్టి కొనవలసిన సర్కారు సరుకైంది. ఆ రొక్కం కోసం కూలికి పోవాలి. వ్యసనం పోలేదు, వ్యసనపరుడి యజమాని మారాడు.

ప్రజలు దీన్ని వెంటనే గుర్తుపట్టారు. నౌగావ్ ప్రాంతంలోని ఫులగురిలో రైతులు, ముఖ్యంగా తివా తెగవారు, 1861లో రోజుల తరబడి సభ కూడారు. సాగు నిషేధం మీద కోపానికి, తమలపాకు, వక్క తోటల మీద కూడా పన్ను రాబోతోందన్న వార్త తోడయింది. అక్టోబరు 18న సభను చెదరగొట్టి కర్రలు లాక్కోబోయిన లెఫ్టినెంట్ సింగర్ అనే అధికారిని చంపేశారు. తర్వాత కాల్పులు, ఉరిశిక్షలు. నల్లమందు కోసం తిరగబడిన జనం అని ఆనాటి దొరలు వెక్కిరించి ఉంటారు. నాకు మాత్రం, చట్టంలోని ‘తప్ప’ను సరిగ్గా చదివిన తొలి పాఠకులు వాళ్లే అనిపిస్తుంది.

మా వకీలు మిత్రుడి అభ్యంతరం

ఇదంతా నా మిత్రుడైన ఒక వకీలుకు చెబితే అతను నవ్వి, “తుపాకీకి లైసెన్సు ఉంది, మందుల షాపుకి లైసెన్సు ఉంది, నీ స్కూటరుకి కూడా లైసెన్సు ఉంది. ప్రతి నియంత్రణ చట్టమూ చేయరాదు అని మొదలై తప్ప అని తిరుగుతుందయ్యా. వ్యాకరణాన్ని పట్టుకుని నేరం మోపుతున్నావు” అన్నాడు. ఈ మాటకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత తట్టిన జవాబు ఇది: లైసెన్సు ఇచ్చే రవాణా శాఖ లారీలు తయారుచేసి అమ్ముకోదు, ఎక్కువ లారీలు తిరిగితే ఎక్కువ జీతాలు ఇవ్వగలిగే స్థితిలోనూ ఉండదు. అడ్డుకోవలసినవాడి రాబడి అడ్డుకోకపోవడం మీదే ఆధారపడిన చోట మాత్రమే ఈ వ్యాకరణం విషమిస్తుంది.

కానీ అతని రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది. గుత్తాధిపత్యం లేని చోట రైతు బాగుపడ్డాడా? మాళవంలో, అంటే ఇండోర్, గ్వాలియర్ వంటి సంస్థానాల్లో, సాగు మీద కంపెనీకి అధికారం లేదు. అక్కడ షావుకార్లు అప్పులిచ్చి పంట ఎత్తుకెళ్లేవారు. ఆ సరుకు బొంబాయి చేరాలంటే బ్రిటిష్ వారికి పెట్టెకింతని పాసు సుంకం కట్టాలి. 1843లో సింధ్ ఆక్రమణతో కరాచీ దారి మూసుకుపోగానే ఆ సుంకాన్ని అంతకంతకు పెంచారు. మాళవం రైతు బీహార్ రైతుకంటే సుఖంగా ఉన్నాడని నేను రుజువు చేయలేను. షావుకారు మాత్రం తాను ప్రజల ఆరోగ్యం కోసమే వ్యాపారం చేస్తున్నానని ఎప్పుడూ అనలేదు. అంతవరకు అతనే నయం.

మరో ఇబ్బందికరమైన విషయం మనవాళ్లకు సంబంధించినది. 1893లో బ్రిటిష్ పార్లమెంటు ఒత్తిడి మీద నల్లమందు విషయం విచారించడానికి రాయల్ కమిషన్ వేశారు. లార్డ్ బ్రాసీ అధ్యక్షుడు. దర్భంగా మహారాజు లక్ష్మేశ్వర్ సింగ్, జునాగఢ్ దివాను హరిదాస్ విహారీదాస్ దేశాయ్ భారతీయ సభ్యులు. 700 మందికి పైగా సాక్షులను విచారించి, 1895లో ఏడు సంపుటాల నివేదిక ఇచ్చారు. మితంగా తింటే హాని లేదని, నిషేధం అవసరం లేదని తేల్చారు. హెన్రీ విల్సన్ అనే ఒక్క సభ్యుడు గట్టిగా విభేదించాడు. సాక్షులను ఎంపిక చేయడంలోనూ, ప్రశ్నలు వేయడంలోనూ అధికారుల చేయి ఉందన్నది నిజమే. అయినా భారతీయ సాక్షుల్లో చాలామంది నిషేధం వద్దన్నది కేవలం అధికారుల భయంతోనే కాదు. నల్లమందు రాబడి పోతే ఆ లోటు తమ మీద కొత్త పన్నుగా పడుతుందని వారికి తెలుసు. ఇంగ్లండులోని నీతిపరుల మనశ్శాంతికి ఖర్చు ఇండియా ఎందుకు భరించాలన్నది వారి ప్రశ్న. అది చెడ్డ ప్రశ్న కాదు. కానీ ఆ ప్రశ్న వేసే స్థితికి మనల్ని తెచ్చిందే ఆ చట్టాల అసలు ఘనత. విషం అమ్మగా వచ్చిన డబ్బు మన ఖజానాలో, మన రోడ్లలో కలిసిపోయాక, దాన్ని కాపాడుకోవడం మన స్వప్రయోజనం అయిపోయింది. గోఖలే మాత్రం 1907 బడ్జెట్ చర్చలో, చైనీయుల పతనం మీద వచ్చే ఈ రాబడిని తలచుకుంటే తనకు అవమానంగా ఉందని చెప్పగలిగాడు. ఆ ఏడాదే చైనాతో ఎగుమతులను ఏటా తగ్గించే ఒప్పందం కుదిరింది. 1913లో అమ్మకాలు ఆగాయి. అప్పటికి మొత్తం రాబడిలో నల్లమందు వాటా బాగా పడిపోయింది. నైతికత మేల్కొన్నందుకు వాటా వదులుకున్నారా, వాటా తగ్గింది కాబట్టి నైతికత మేల్కొందా అన్న అనుమానం నన్ను విడవదు.

మన్యం వైపు

మాది గోదావరి జిల్లా కాబట్టి ఒక మాట చెప్పక తప్పదు. మద్రాసు రాజధానిలో నల్లమందు వాడకం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో గోదావరి, విశాఖపట్నం ఏజెన్సీలు ముందుండేవి. మన్యపు జ్వరానికి అది విరుగుడని కొండవాళ్లు నమ్మేవారు. క్వినైన్ అందని చోట ఆ నమ్మకాన్ని మూఢత్వం అని కొట్టిపారేయలేం. మా నాయనమ్మ తరంలో మైదానంలోనూ ఏడుపు మాననంత చంటిపిల్లలకు ఆవగింజంత నాకించేవారట. ఎవరైనా మొద్దునిద్ర పోతే “నల్లమందు వేసుకున్నట్టు పడుకున్నాడు” అనడం ఆమె నోట చాలాసార్లు విన్నాను.

అదే కొండల్లో 1879లో రంప తిరుగుబాటు జరిగింది. అది నల్లమందు గురించి కాదు, కల్లు గురించి. అయినా చట్టపు ఎత్తుగడ ఒకటే. కొండవాడు తన జీలుగు చెట్టు నుంచి తన ఇంటికి గీసుకునే కల్లు ఆబ్కారీ చట్టం కింద అనుమతి కావలసిన వస్తువైంది. హక్కు ఆ కొండల భూస్వామి అయిన మన్సబుదారు చేతికి, అతని నుంచి గుత్తేదార్లకు పోయింది. చిగురుపన్ను అనే కల్లు పన్ను అంతకంతకు పెరిగింది. ద్వారబంధాల చంద్రయ్య, అమ్మల్ రెడ్డి, కారం తమ్మన్నదొర వంటివారి నాయకత్వంలో చోడవరం (నేటి రంపచోడవరం) నుంచి రేకపల్లి దాకా పోలీసు స్టేషన్లు తగలబడ్డాయి. ఫులగురికీ రంపకూ మధ్య పద్దెనిమిదేళ్లు, సుమారు తొమ్మిది వందల మైళ్ల దూరం. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశమే లేదు. ఇద్దరి కోపమూ ఒకే చోట పుట్టింది: మా పెరటి చెట్టుకు నీ కాగితం ఎందుకు?

సారా వేలంపాటల మీద 1992లో దూబగుంట ఆడవాళ్లు లేచినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో రాబడి లెక్కల ముందు నిలవలేక పోయింది. తెలంగాణలో 2023లో 2,620 మద్యం దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, లాటరీ తగలకపోయినా తిరిగిరావు. ఒక్క సీసా అమ్మకముందే, కేవలం ‘తప్ప’ కోసం క్యూ కట్టినందుకే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. కలకత్తా వేలందారులకు ఈ ఉపాయం తట్టలేదంటే ఆశ్చర్యమే.

రిజిస్టరులో సంతకం

1857, 1878 చట్టాలు స్వతంత్ర భారతంలోనూ చాలాకాలం బతికే ఉన్నాయి. 1930 నాటి ప్రమాదకర మందుల చట్టంతో పాటు వాటిని రద్దు చేసింది 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం. దాని ఎనిమిదో సెక్షన్ కూడా చేయరాదు అని మొదలై, వైద్య, శాస్త్రీయ అవసరాలకు తప్ప అని మలుపు తిరుగుతుంది. ఇప్పటికీ నీమచ్, మందసౌర్, చిత్తోర్‌గఢ్ వైపు రైతులు కేంద్రం ఇచ్చే లైసెన్సు మీదే గసగసాలు వేస్తారు. ఊరికో లంబర్‌దారు, అంటే పంట లెక్క చూసే పెద్ద, ఉంటాడు. తీసిన నల్లమందు మొత్తం సర్కారుకే తూచి ఇవ్వాలి. గాజీపూర్ ఫ్యాక్టరీ ఇంకా నడుస్తోంది. మదనపల్లె వైపు లైసెన్సు లేకుండా తోటల మధ్య గసగసాలు వేసినవారు పట్టుబడితే అది వార్త అవుతుంది.

ఇప్పటి ‘తప్ప’ అప్పటిది కాదని ఒప్పుకుంటాను. ఇది ఖజానా కోసం కాదు, మందు కోసం. నేను ఇక్కడ ఆగిపోతే మా వకీలు మిత్రుడిదే గెలుపు. కానీ ఆరేళ్ల క్రితం మా పెదనాన్న క్యాన్సరు చివరి దశలో ఉన్నప్పుడు చూసింది మరచిపోలేను. ప్రపంచానికి చట్టబద్ధంగా నల్లమందు పండించి ఇచ్చే దేశంలో, మా పట్టణంలో ఆయనను చేర్చిన ఆసుపత్రిలో నల్లమందు నుంచి తీసే నొప్పి మందు మార్ఫిన్ లేదు. డాక్టరు మంచివాడే. “దానికి పెట్టుకోవలసిన కాగితాలు, రిజిస్టర్లు ఎవరు చూస్తారండీ, తేడా వస్తే మా మెడకు చుట్టుకుంటుంది” అన్నాడు. 2014లో చట్టం సవరించి ఈ చిక్కును చాలావరకు సడలించారని నేను చెబితే, ఆయన విని తలూపాడు గాని మందు తెప్పించలేదు. నిషేధపు భయం సవరణ కంటే పాతది, బలమైనది.

చివరికి హైదరాబాదులో ఒక ఉపశమన చికిత్సా కేంద్రంలో దొరికింది. అక్కడి నర్సు పది మాత్రల అట్టను నా ముందే రెండుసార్లు లెక్కపెట్టి, రిజిస్టరులో రోగి పేరు, నా పేరు, నా చిరునామా రాసుకుని సంతకం పెట్టమంది. మళ్లీ వచ్చేటప్పుడు ఖాళీ అట్ట తీసుకురావాలని, మిగిలితే మిగిలినవీ తేవాలని చెప్పింది. రాత్రి బస్సులో ఆ అట్టను చొక్కా జేబులో పెట్టుకుని, టోల్ గేటు దగ్గర పోలీసులు బస్సు ఆపినప్పుడల్లా చేత్తో తడిమి చూసుకుంటూ ఊరు చేరాను. పెదనాన్న ఆ రోజు మధ్యాహ్నం మూడు వారాల తర్వాత మొదటిసారి పక్కకు తిరిగి పడుకున్నారు. “నల్లమందు వేసుకున్నట్టు పడుకున్నారు” అంది పెద్దమ్మ గుమ్మంలో నిలబడి.

ఆయన పోయాక నాలుగు మాత్రలు మిగిలాయి. వాటిని తీసుకుని మళ్లీ హైదరాబాదు వెళ్లాను. నర్సు లెక్కపెట్టి, అదే పేజీలో ‘తిరిగి అందినవి: 4’ అని రాసి, దాని పక్కన నా చేత సంతకం పెట్టించుకుంది.